చాలు మీద చాలు

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించేవాడు ఒక్కడు ఎదురైతేనే మనం తల పట్టుకుంటాం. అలాంటివాళ్ళు ముఠాకి ముఠా ఒకే కప్పు కింద పనిచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే పొద్దున్నే ఆ పెద్ద హాలుకి వెళ్ళాలి. ముందు రోజు ఆట చూసి జనం వెళ్ళిపోయాక తివాచీ నిండా పల్లీ తొక్కలూ, టికెట్ ముక్కలూ, వెంట్రుకలూ, ఎవరిదో తెగిన చెప్పు పట్టీ, అన్నీ ఉంటాయి. ఆ చెత్తను పీల్చి పారెయ్యడానికి ముఠా దిగుతుంది. ఒక్కొక్కడి వెనక ఒక్కో వాక్యూమ్ మిషను, గొలుసు కట్టిన కుక్కలా దొర్లుకుంటూ వస్తుంది.

హాలువాళ్ళు మిషన్లివ్వరు. ఎవడిది వాడే కొనుక్కుని తెచ్చుకోవాలి. తంటా అంతా అక్కడే వచ్చింది. సగంమంది దగ్గర తుమ్మెద కంపెనీది ఉండేది, నల్లగా, బండగా, చెవులు దిమ్మెక్కించే రొదతో. మిగతా సగం దగ్గర గద్ద కంపెనీది, బూడిదరంగుది, సన్నటి ఈలతో. చేసే పని మాత్రం రెండిటిదీ ఒకటే. దుమ్ము పీల్చడానికి ఇంత పౌరుషం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ మాట అక్కడ అనకండి, పళ్ళు రాలతాయి.

ముఠాకి ఒక చట్టం ఉండేది. మిషను గురించి దాని సొంతదారే మాట్లాడాలి. తుమ్మెద ఎంత లాగుతుందో తుమ్మెద ఉన్నవాడే చెప్పాలి, గద్ద సంగతి గద్ద ఉన్నవాడే చెప్పాలి. మిషను లేనోడికి నోరు లేదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వాడనివాడికి ఏం తెలుసు పాపం అనిపిస్తుంది. కానీ చెమటోడ్చి కొన్నవాడు నాది పనికిరాదని ఏనాడైనా చెప్తాడా? కాకి పిల్ల కాకికి ముద్దు. అందుకని అక్కడ ప్రతివాడి మిషనూ లోకంలోకెల్లా గొప్పదే, పక్కవాడిది తుక్కే.

రెండో చట్టం ఇంకా గట్టిది. ఒక్కొక్కడు శుభ్రం చేసే తివాచీ పట్టీని చాలు అనేవారు, పొలం దున్నే లెక్కలో. ఒకడు లాగిన చాలు మీద ఇంకొకడు మిషను పెట్టకూడదు. పెడితే, నువ్వు చేసింది పనే కాదురా అని మొహం మీద ఉమ్మేసినట్టు. అంతకన్నా అమ్మనాన్నలను తిట్టినా ఊరుకుంటారు.

ఆ గొడవల్లో నెత్తురు కారని నెల ఉండేది కాదు. ఒకసారి బండోడు అనే తుమ్మెద మనిషి, పేరుకి తగ్గట్టు గోడలాంటివాడు, గద్దవాడి చెవి కొరికి తుంచేశాడు. డాక్టరు కుట్టేస్తాడు, ముక్క వెతకండిరా అంటే అందరూ సీట్ల కింద దూరి వెతికారు. తీరా అది దొరికింది బండోడి మిషను సంచిలోనే. బండోడు దుమ్ము కొట్టుకున్న ఆ ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి చూపించి, చూశారా, తుమ్మెద ఏదీ వదలదని అన్నాడట. చెవి పోయినవాడి పక్షం కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అలాంటి మనుషులు.

ఆ నెత్తురు తుడిచేది గుడ్డలక్క. ఆమెకు మిషను లేదు. బకెట్టూ, తడిగుడ్డలూ, సీట్ల చేతులు తుడవడం, మెట్లు కడగడం ఆమె పని. నెత్తురు మరక మీద వేణ్ణీళ్ళు పోస్తే అతుక్కుపోతుందనీ, చన్నీళ్ళే పోసి గుడ్డతో అద్దాలనీ ఆమెకు బాగా తెలుసు. తెలియక ఏం చేస్తుంది? ముఠా మేస్త్రి ఆమె మొగుడు. తుమ్మెద పక్షానికి పెద్ద తలకాయ కూడా ఆయనే.

ఆమె తమ్ముణ్ణి అందరూ బుడ్డోడు అనేవారు. తాటిచెట్టంత ఎదిగినా పిలుపు మారలేదు. తల్లీ తండ్రీ పోయాక అక్క చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వచ్చాడు. మేస్త్రి వాణ్ణి కొడుకులా పెంచాడన్నది అబద్ధం కాదు. జ్వరం వస్తే భుజాన వేసుకుని తిరిగాడు. పైపు ఎలా పట్టుకోవాలో, నడుము వంచకుండా ఎలా లాగాలో, మూల ఎలా తిప్పాలో తనే నేర్పాడు. చెంపలు పగలగొట్టి మరీ నేర్పాడు, అది వేరే సంగతి. వాడికి బావంటే భయమూ, ప్రాణమూ రెండూను.

అలాంటివాడు సొంతంగా మిషను కొనుక్కునే రోజు వచ్చింది. బావను వెంట తీసుకెళ్ళకుండా ఒక్కడే వెళ్ళి, గద్దను తెచ్చి గది మధ్యలో పెట్టాడు.

మేస్త్రి దాన్ని చూశాడు, మాట్లాడలేదు, కాళ్ళు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. గుడ్డలక్కకు గుండెలో రాయి పడింది. ఆయన అరిస్తే పరవాలేదు, మాట్లాడకపోతేనే ముప్పు. బుడ్డోడికి ఆ పాటి తెలివి ఉంటే ఈ కథే లేదు. అన్నం కలుపుకుంటూ, "గద్ద పైన కనపడే దుమ్ము కాదు బావా, లోపల దాక్కున్నది లాగుతుంది," అన్నాడు.

స్టీలు గ్లాసు వచ్చి వాడి నుదుటికి తగిలింది. వాడు లేచి బావ చొక్కా పట్టుకున్నాడు. కంచాలు ఎగిరాయి. నా ఉప్పు తిని నా మిషనునే తక్కువ చేస్తావురా అని మేస్త్రి వాడి తలను గోడకేసి కొడుతుంటే గుడ్డలక్క మధ్యలోకి దూరింది. మొగుడి మోచెయ్యి వెనక్కి వచ్చి ఆమె నోటికి తగిలింది. ముందు పన్ను ఊడి అన్నంలో పడింది. అప్పుడు గానీ ఇద్దరూ ఆగలేదు. మేస్త్రే ఆమె నోరు కడిగాడు. కావాలని చెయ్యలేదే, నువ్వెందుకొచ్చావే మధ్యలోకి అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బుడ్డోడు పన్ను ఏరి, ఏం చెయ్యాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడ కాళ్ళు విరుగుతాయంటారు. ఆమె ఆ పూట లెంపలు వేసుకుంది, ఇంకెప్పుడూ మధ్యలోకి వెళ్ళనని.

కొన్నాళ్ళు ఇల్లు పచ్చిపుండులా ఉంది. తినేటప్పుడు మిషను మాట ఎవరూ ఎత్తలేదు. హాల్లో ఇద్దరూ చెరో చివర పనిచేసుకున్నారు. గుడ్డలక్క అడకత్తెరలో పోకచెక్కలా తిరుగుతూ, ఇలాగే సాగిపోతే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది.

ఆ రోజు మేస్త్రి స్టేజీ ముందున్న పెద్ద చాలు లాగడం ముగించి టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. బుడ్డోడికి ఏ గ్రహం పట్టిందో, గద్దలో కొత్త సంచి వేసి, ఆ చాలు మీదికి తోలాడు. చాలు మీద చాలు. వాడి మనసులో కుళ్ళు లేదు, ఎవరు ఒట్టు పెట్టి అడిగినా నేను చెప్తాను. కళ్ళతో చూస్తే బావ ఒప్పుకుంటాడు, తనూ ఒక గద్ద కొనుక్కుంటాడు, మళ్ళీ ఇద్దరూ పక్కపక్కన పనిచేసుకోవచ్చు, ఇదీ వాడి లెక్క. పిచ్చి సన్నాసి లెక్క. సంచి విప్పి పాత పేపరు మీద కుమ్మరించాడు. గుప్పెడు బూడిదరంగు దుమ్ము, ఉండలు కట్టిన వెంట్రుకలు, ఒక తలపిన్ను. మేస్త్రి తిరిగొచ్చేసరికి వాడు నవ్వుతూ, చూడు బావా, ఇదంతా నీ చాలులోదే అన్నాడు.

గద్ద పక్షం వాళ్ళు ఈల వేశారు. తుమ్మెద పక్షంలో కూడా ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

మేస్త్రి తుమ్మెద ఉక్కు పైపు ఊడబీకాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోకాలి మీద. వాడు బోర్లా పడ్డాడు. పడ్డవాడు ఊరుకోకుండా, పేపరు మీది దుమ్ము చెదిరిపోతుందేమోనని కుడిచెయ్యి చాపాడు. మేస్త్రి ఆ చెయ్యి మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడయింది. చప్పుడయ్యాక కూడా కొట్టాడు. వేళ్ళ మీద, మణికట్టు మీద, చర్మం చీలి తెల్లగా ఎముక కనపడేదాకా కొట్టాడు. బుడ్డోడు మొదట బావా బావా అని అరిచాడు, తరవాత అక్కా అని అరిచాడు. తరవాత అరవలేదు.

గుడ్డలక్క అక్కడే ఉంది, రెండు వరసల అవతల. చేతిలో పిండని గుడ్డ, దాని నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి. కాళ్ళు కదలలేదు. నాలుక ఊడిన పంటి సందులోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. చుట్టూ ముఠా అంతా నిలబడి చూసింది, చాలు మీద చాలు తోలినవాడికి శిక్ష పడుతోంది కదా అని. మేస్త్రి చెయ్యి నొప్పి పుట్టి ఆపాడు. ఆయన ఆపాకే ఆమె పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. మొగుడు తలుపు బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు, చొక్కా నిండా మరకలతో. నిజం చెప్తే ఆయన జైలుకి వెళ్తాడు. చెప్పకపోతే తమ్ముడి చేతికి న్యాయం లేదు. మెట్ల మీంచి పడ్డాడండీ అంది గుడ్డలక్క. డాక్టరు బుడ్డోడి వంక చూశాడు. బుడ్డోడు అక్క వంక చూశాడు. అవును, మెట్లే అన్నాడు. ఎముకలు అతుకుతాయి గానీ వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ముఠాలో ఇంకో కట్టుబాటు ఉంది. మిషను ఆగితే చోటు పోతుంది. బుడ్డోడి గద్ద మూలన పడితే వాడి చాలు ఇంకొకడికి ఇచ్చేస్తారు, మళ్ళీ దొరకదు. చెయ్యి ఎలాగూ పోయింది, చోటన్నా నిలబెట్టాలి. గుడ్డలక్కకు ఇంక అదొక్కటే పట్టుదల. మొగుడి కాళ్ళు పట్టుకుంది. "వాడి మిషను మీరు లాగండి. వాడు లేచి వచ్చేదాకా. నాకింకేం వద్దు," అంది. మేస్త్రికీ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. తల ఊపాడు. పొద్దున తుమ్మెదతో తన చాలు లాగి, ఆ తరవాత గద్దతో బావమరిది చాలు లాగడం మొదలుపెట్టాడు. ముక్కు మూసుకుని చేదుమందు మింగేవాడిలా లాగేవాడు. ఆమె అది చూసి, మనిషి చెడ్డవాడు కాదు, కోపమే చెడ్డది అని సరిపెట్టుకుంది. మన ఆడవాళ్ళు అలా ఎంతకైనా సరిపెట్టుకుంటారు, ఏం చేస్తాం.

వారాలు గడిచాయి. ఆయన ముక్కు మూసుకోవడం మానేశాడు. గద్ద బరువు లేదని ఒకరోజు అన్నాడు. మూలల్లోకి బాగా దూరుతుందని ఇంకోరోజు అన్నాడు. కొన్నాళ్ళకి తన చాలు కూడా దానితోనే లాగడం మొదలుపెట్టి, తుమ్మెదను మెట్ల కింద పడేశాడు. బుడ్డోడి గద్ద కాస్తా మన గద్ద అయింది, మన గద్ద కాస్తా నా గద్ద అయింది. మూత మీద వాడు మేకుతో గీసుకున్న గుర్తును గరుకు కాయితంతో రుద్ది చెరిపేసి, తన గుర్తు గీశాడు.

ఒక మధ్యాహ్నం ముగ్గురూ తింటున్నారు. బుడ్డోడు ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఒలకబోసుకుంటున్నాడు. మేస్త్రి మంచి హుషారుగా ఉన్నాడు. "ఏమైనా చెప్పవే, గద్ద గద్దే. పైన కనపడే దుమ్ము కాదు, లోపల దాక్కున్నది లాగుతుంది," అన్నాడు.

బుడ్డోడి చెంచా ఆగింది. గుడ్డలక్క చేతిలో గరిటె ఆగింది. ఆ మాటకే కదా గ్లాసు ఎగిరింది, ఆ మాటకే కదా పన్ను ఊడింది, చెయ్యి విరిగింది. మీరు ఎవరి మాట అంటున్నారో తెలుస్తోందా అని ఆమె అడిగింది. మేస్త్రి నిజంగానే ఆశ్చర్యపోయాడు. వాడన్నప్పుడు అది వాడి మిషను, నాకేం తెలుస్తుంది? ఇప్పుడు నా చేతిలో ఉంది కాబట్టి తెలిసింది అన్నాడు. అందులో ఎగతాళి లేదు, మోసం లేదు. అది చూశాకే ఆమెకు తెలిసొచ్చింది. ఆయన ఎముక విరగ్గొట్టింది నిజం కోసం కాదు, అబద్ధం కోసమూ కాదు. ఉత్తినే.

బుడ్డోడు కంచం పక్కకి జరిపి లేచాడు. మర్నాటి నుంచి తోలుబెల్టుతో చీపురు కర్రను మోచేతికి కట్టుకుని ఇంట్లో అటూ ఇటూ లాగడం సాధన చేశాడు. జబ్బ కమిలిపోయి పుండు పడినా వదల్లేదు. పట్టు కుదిరాక బావ ముందు నిలబడి, నా మిషను ఇవ్వు బావా, నా చాలు నేను లాక్కుంటా అన్నాడు. మేస్త్రి నవ్వి, ఆ మొండిచేత్తోనా, మిషను పాడుచేస్తావు అన్నాడు. బుడ్డోడు మళ్ళీ అడిగాడు. "ఇన్నాళ్ళూ లాగింది నేను. దాని గుణం నాకు తెలిసినట్టు నీకు తెలుసా? ఎవడి చేతిలో ఉంటే వాడిదిరా మిషను. నువ్వు ఇంట్లో పడి ఉండు, నేను పెట్టనా నీకు?" అన్నాడు మేస్త్రి. బుడ్డోడు బెల్టు విప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూసి గుడ్డలక్క కుతకుతలాడింది.

పోయేకాలం వస్తే మనిషి ఆగమన్నా ఆగడు. ఆ మర్నాడు పొద్దున హాల్లో మేస్త్రి గద్దను గొప్పగా పొగుడుతుంటే బండోడికి ఒళ్ళు మండింది. నిన్నటిదాకా తుమ్మెదకి తండ్రిలా నిలబడి, ఇవాళ జెండా మార్చేశావా అని నలుగురిలో అడిగేశాడు. మేస్త్రి గద్దను ఈడ్చుకెళ్ళి బండోడు అప్పుడే లాగి ముగించిన చాలు మీద పెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరకి తోలాడు. సంచి విప్పి దుమ్ము బండోడి కాళ్ళ మీద కుమ్మరించాడు.

బండోడు ఒక్క గుద్దు గుద్దాడు. మేస్త్రి ముక్కు పక్కకి తిరిగిపోయింది. మిగతా తుమ్మెదవాళ్ళు కూడా వచ్చి పడ్డారు. గద్ద పక్షం ఆయన్ను ఇంకా తమవాడు అనుకోలేదేమో, కదల్లేదు. కడుపులో తన్నారు, పక్కటెముకల మీద తన్నారు. గొట్టం మెడకి చుట్టి ఒకడు వెనక్కి లాగాడు. మేస్త్రి నెత్తురు కక్కుతూ కూడా గద్దను రెండు చేతులా పొట్టకి అదుముకుని వదల్లేదు.

గుడ్డలక్క బకెట్టు కింద పెట్టి దగ్గరికి వెళ్ళింది. బండోడు ఆమెను చూసి పిడికిలి పైనే ఆపాడు. వాడికి ఆమె అంటే గౌరవం. "ఆపమంటే ఆపుతాం అక్కా. నువ్వు చెప్పు," అన్నాడు. హాలంతా చెవులు రిక్కించింది.

మేస్త్రి వాచిన కంటితో ఆమె వంక చూశాడు. ఆయన అడిగింది ప్రాణం కాదు. "చెప్పవే వీళ్ళకి. మన గద్ద ఎలా లాగుతుందో చెప్పు," అన్నాడు.

ఆమె వంగి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. మిషనును లాక్కుంది. "ఇది మా తమ్ముడిది," అంది. తరవాత బండోడి వైపు తిరిగి, "మిషన్ల గొడవలో నాకు నోరెక్కడిది?" అంది.

మిషనును దొర్లించుకుంటూ నడవలోంచి బయటికి వచ్చేసింది. వెనక మళ్ళీ దెబ్బల చప్పుడు మొదలైంది. మిషను లేనోడికి నోరు లేదు కదా, ఆయన అరుపులు ఎవరూ వినిపించుకోలేదు. వీధి పొడుగునా ఆమెకు భయం వేసింది, పాపం చేశానేమో అనిపించింది. అయినా గద్ద చక్రాలు గరగరమంటుంటే ఒంట్లో ఏదో బలం కూడా వచ్చింది. తమ్ముడి చెయ్యి తేలేకపోయినా చోటు తెచ్చాననుకుంది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని, తన చెయ్యి పట్టుకుంటాడని అనుకుంది.

బుడ్డోడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గద్దను వాడి ముందు పెట్టింది. వాడు మూత మీద బావ గీసిన గుర్తును వంకర వేళ్ళతో తడిమాడు. బావేడక్కా అని అడిగాడు.

"హాల్లో కొడుతున్నారు. చచ్చేలా కొడుతున్నారు. నేను ఆపలేదు," అంది.

అని వాడి మొహంలోకి ఆశగా చూసింది. వాడు కోప్పడలేదు, సంతోషించలేదు. బెల్టు అందుకుని పైపును మోచేతికి కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నన్ను కొట్టినప్పుడూ ఆపలేదు కదక్కా," అన్నాడు.

ఎడమచేత్తో ముడి పడటం లేదు. బెల్టు కొసను పళ్ళతో పట్టుకుని తనే బిగించుకున్నాడు, ఆమెను సాయం అడగలేదు.